సంక్రాంతి కారు ప్రకటన ఎందుకు ఆలస్యమైందో మా పాత మిత్రులకు

ఏటా మా చేత ప్రకటనలు తీయించుకుంటున్న షోరూంల యజమానులకు, నగల దుకాణాల వారికి, ఈ మధ్యనే మా దగ్గరికి వచ్చిన ఒకరిద్దరికి కూడా నమస్కారం. విశాఖపట్నంలోని ఒక కార్ల షోరూం కోసం మేము తీసిన సంక్రాంతి ప్రకటన పండుగకు రెండు వారాల ముందే వారి చేతికి అందవలసి ఉండగా, భోగి నాటి సాయంత్రానికి గాని పూర్తి కాలేదు. ఆరుగురే ఉన్న యూనిట్ కనుక చేతకాక చతికిలబడిందని ఊళ్లో ఒక మాట తిరుగుతున్నది. అది మీ చెవిన కూడా పడే ఉంటుంది కాబట్టి, జరిగినదేమిటో మా నోట వినడమే మర్యాదగా ఉంటుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

చిత్రీకరణ కోసం మేము లంబసింగిని ఎంచుకున్నది అందరూ ఫొటోలు దిగే చోటని కాదు. కారు ఒళ్లంతా అద్దమే. మామూలు ఎండలో ముదురు రంగు కారును తీస్తే ఆకాశం, చెట్లు, కెమెరా పట్టుకున్న మనిషి, అన్నీ తలుపుల మీద కనిపిస్తాయి. (మా వాళ్లందరికీ నల్ల బట్టలు తప్పనిసరి చేసింది, ఒకసారి ఒకరి పసుపుపచ్చ స్వెట్టరు బంపరు మీద నవ్వినందువల్లనే.) పెద్ద స్టూడియోలలో కారు పైన గదంత వెడల్పైన మెత్తటి దీపాన్ని వేలాడదీసి ఆ చిక్కు తప్పించుకుంటారు. మా దగ్గర అంత దీపం లేదు. డిసెంబరు తెల్లవారుజామున ఆ కొండల మీద పరుచుకునే పొగమంచే మా దీపం. సూర్యుడు పైకి వచ్చేదాకా వెలుతురు అన్ని వైపుల నుంచి సమానంగా పడుతుంది, బానెట్ మీది వంపులు గీత గీసినట్టు తేలుతాయి. ఆ అవకాశం ఉండేది రోజుకు గంటన్నర, మహా అయితే రెండు గంటలు.

ముందు చక్రం పక్కన నేలకు జానెడు ఎత్తున కెమెరాను బిగించి తీయవలసిన షాట్ల కోసం, రేకుకూ అద్దానికీ జలగలా పట్టుకునే సక్షన్ కప్పుల సెట్టును హైదరాబాదులోని ఒక అద్దె సంస్థ నుంచి తెప్పించాము. బిల్లు మీద కొత్త సెట్టు అని రాసి ఉన్నది. రాత్రి బస్సు పార్సిల్లో ఆ పెట్టె మేము బయలుదేరే వేళకు అందింది. తెరిచి చూశాము గాని పట్టించి చూడలేదు, అది మా తప్పే. ఈ కప్పుకు ఒక చిన్న పంపు ఉంటుంది. లోపలి గాలిని లాగేశాక ఆ పంపు మీది ఎర్ర గీత మళ్లీ బయటికి కనిపించిందంటే పట్టు సడలుతున్నదని అర్థం. తలుపును రెండు పొడిగుడ్డలతో తుడిచి బిగించిన మూడు కప్పులలో రెండింటి మీద పది నిమిషాలు గడవక ముందే ఎర్ర గీత కనిపించింది. మళ్లీ బిగించాము, మళ్లీ కనిపించింది. తిరగేసి చూస్తే రబ్బరు అంచు ఎండి, సన్నగా చిట్లి ఉన్నది.

అప్పుడు సమయం ఆరు నలభై. మంచు నేను ఇన్నేళ్లలో చూడనంత చిక్కగా ఉన్నది. షోరూం మేనేజరుగారు మఫ్లరు చుట్టుకుని పక్కనే నిలబడి, "నెమ్మదిగా నడిపితే సరిపోదా అండీ?" అని అడిగారు. మా కెమెరామన్ కూడా తాడు ఇంకొకటి కట్టుకుందాం, పోనిద్దాం అన్నాడు. ఎనిమిది కిలోల బరువు ఘాట్ రోడ్డు మీద ఊడిపడితే, తాడు కెమెరాను ఆపవచ్చు, ఆపకపోవచ్చు. వెనక చింతపల్లి వైపు పోయే జీపులు, మంచు చూడడానికి బైకుల మీద వచ్చిన పిల్లలు ఉన్నారు. పావుగంట సేపు ఎటూ తేల్చుకోలేక రోడ్డు పక్కన నిలబడ్డాను. చివరకు వద్దని చెప్పాను. ఆ నిర్ణయం సరైనదేనని నమ్ముతున్నాను గాని, ఆ పొద్దుటి మంచు గుర్తొచ్చినప్పుడల్లా మనసు ఇప్పటికీ చివుక్కుమంటుంది, ఎందుకంటే అటువంటిది మళ్లీ దొరకలేదు.

తడి కారు మీద పెట్టకూడదని మీకు తెలియకనే ఇలా జరిగిందని అద్దె సంస్థ వారు ఫోనులో అన్నారు. పన్నెండేళ్లుగా ఈ పని చేస్తున్నవాడితో అనవలసిన మాట కాదది. ఆ మధ్యాహ్నమే నర్సీపట్నంలో ఒక టీకొట్టు ముందు, ఎండకు కాగిన పొడి అద్దం మీద వారి కప్పునూ మా పాత కప్పునూ పక్కపక్కన బిగించాము. వారిది ఏడు నిమిషాలకు ఎర్ర గీత చూపింది. మాది విశాఖ చేరేదాకా అలాగే ఉన్నది. వీడియో తీసి పంపాము, జవాబు రాలేదు.

బీచ్ రోడ్డులో తీసి కంప్యూటరులో మంచు కలిపేయమని షోరూం వారు పెద్దమనసుతోనే సూచించారు. నేను ఒప్పుకోలేదు. వెనక ఎంత మంచు కలిపినా బానెట్ మీద ఎండ మెరుస్తూనే ఉంటుంది, అబద్ధం అక్కడ దొరికిపోతుంది. మొండితనం అంటే అనండి. పది రోజుల తరువాత మా ఖర్చుతోనే మళ్లీ కొండ ఎక్కాము. మొదటి పొద్దున మంచు పలచగా వచ్చి పోయింది, రెండో పొద్దున నలభై నిమిషాలు నిలిచింది. పదకొండు షాట్లలో ఏడు దొరికాయి, మిగిలిన నాలుగింటిని నల్లగుడ్డ కప్పిన పికప్ వ్యాను వెనక నుంచి తీశాము. రెండో ప్రయాణానికి మేము బిల్లు వేయలేదు, ఆలస్యానికి ఒప్పందం సొమ్ములో ఇరవై శాతం తగ్గించుకున్నాము కూడా.

ఇకపై కప్పులు మా సొంతం, కొన్నాము. అద్దెకు తెచ్చే మరే సామానైనా రెండు రోజుల ముందే రావాలి, మా ఆవరణలో గంట సేపు పట్టించి చూశాకే బయలుదేరుతుంది. మంచు మీద ఆధారపడే పనికి ఒక రోజు అదనంగా పెట్టుకుంటాము, దానికి మీ దగ్గర ఏమీ తీసుకోము. ఈ ఏడాది రేట్లు పెంచడం లేదు. కారును ఇంకా వేగంగా చూపించమని అడిగే మిత్రులకు మాత్రం పాత జవాబే: ప్రమాదకరమైన వేగాన్ని గొప్పగా చూపించే వాహన ప్రకటనలు ప్రకటనల ప్రమాణాల మండలి నియమావళికి విరుద్ధం, పైగా లెన్సును నేలకు దించి సెకనుకు తీసే ఫ్రేములు తగ్గిస్తే ముప్పై కిలోమీటర్ల వేగంలోనే కారు దూసుకుపోతున్నట్టు కనిపిస్తుంది.

ఉగాదికి పని ఉన్నవారు ఈ నెలాఖరులోగా చెప్పగలరు. ఆఫీసుకు వస్తే నా బల్ల అద్దం మీద ఒక కొత్త కప్పు బిగించి ఉంటుంది. నిన్న ఉదయం పంపు కొట్టాను, ఇది రాస్తున్న వేళకు ఎర్ర గీత ఇంకా కనిపించలేదు.