‘మా నాన్న కాళ్ళు కనపడవు’: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

నేను విజయవాడలో ఉంటాను. పద్దెనిమిదేళ్లుగా చిన్నపిల్లల కథల పుస్తకాలకు బొమ్మలు వేస్తున్నాను. ఇదే నా జీవనాధారం. మీకు రోజూ ఎన్నో వినతిపత్రాలు వస్తాయని తెలుసు, అందుకే అడగాల్సింది ముందే చెప్పేస్తాను. ప్రభుత్వ డబ్బుతో అచ్చువేసే, బడుల కోసం కొనే ప్రతి బొమ్మల పుస్తకంలోనూ బొమ్మలు వేసినవారిని రచయితతో సమానంగా చూడండి. అట్ట మీద పేరు, ఒప్పందంలో హక్కు, పనికి సరిపడా గడువు ఇప్పించండి. ఎందుకు అడుగుతున్నానో అర్థం కావాలంటే చీరాల దగ్గర ఒక బడిలో జరిగింది చెప్పాలి.

కొన్నేళ్ల కిందట నేను బొమ్మలు వేసిన పుస్తకం ఒకటి పిల్లలకు చదివి వినిపించడానికి అక్కడి ప్రాథమిక పాఠశాలకు వెళ్లాను. కథలో ఒక నేత కార్మికుడు ఉంటాడు. రెండో తరగతి పాప ఒకతె పుస్తకం ఒళ్లో పెట్టుకుని, అక్షరాల జోలికి పోకుండా, బొమ్మ మీద వేలు ఆనించి చాలాసేపు చూసింది. చివరికి తలెత్తి, ‘టీచర్, మా నాన్న కాళ్ళు కనపడవు’ అంది. నా గుండె ఝల్లుమంది. వాళ్ళ నాన్నకు ఏదో జరగరానిది జరిగిందనుకున్నాను. పక్కనున్న పిల్లాడు అందుకున్నాడు: ‘వాళ్ళది గుంట మగ్గం టీచర్. కాళ్ళు గుంటలో ఉంటాయి.’

నేను గీసింది చట్రం మగ్గం. నేతగాడు బల్ల మీద కూర్చుని ఉంటాడు, రెండు కాళ్ళూ శుభ్రంగా కనపడుతుంటాయి. ఇంటర్నెట్‌లో దొరికిన ఫొటో చూసి వేశాను. ఆ పుస్తకం మొత్తానికి నాకిచ్చిన గడువు మూడు వారాలు. విజయవాడలో రైలెక్కితే చీరాల రెండు గంటల లోపే. ఆ రెండు గంటలు నేను వెచ్చించలేదు. వెళ్లి చూసి రమ్మని నాకు పని ఇచ్చినవాళ్ళూ అనలేదు.

బడి వదిలాక పాప నన్ను వాళ్ళింటికి తీసుకెళ్లింది. ముందు గదిలోనే మగ్గం. ఆయన గుంట అంచున కూర్చుని నేస్తున్నాడు. గుమ్మంలో నిలబడి చూస్తే మనిషి నడుము పైభాగమే కనపడతాడు. చేత్తో తాడు లాగగానే అడ్డదారం మోసే నాడె ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెడుతోంది. కాళ్ళు చేసే పని మాత్రం మన కంటికి అందదు. పడుగు దారాలు కొన్ని పైకి, కొన్ని కిందికి విడిపోతుంటే అప్పుడు తెలుస్తుంది, కింద కాళ్ళు తొక్కుతున్నాయని. ఆ పిల్ల పుట్టినప్పటి నుంచి రోజూ చూస్తున్న దృశ్యం అది. ప్రభుత్వ బడిలో తన చేతికి వచ్చిన పుస్తకంలో మాత్రం వాళ్ళ నాన్న లేడు. ఆ తప్పు నాది. ఇన్నేళ్లలో నన్ను అంతగా బాధపెట్టింది ఇంకోటి లేదు.

చిన్నపిల్లల చదువు కోసం కేంద్రం 2021 జూలై 5న మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యం మీకు తెలిసిందే: 2026-27 నాటికి మూడో తరగతి పూర్తిచేసిన ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవగలగాలి. బడి చదువుల కేంద్ర పథకం సమగ్ర శిక్ష కింద బడి స్థాయిని బట్టి ఏటా 5,000 నుంచి 20,000 రూపాయల దాకా లైబ్రరీ గ్రాంటు ఉంది. మన రాష్ట్రంలో 2020లో ‘చదవడం మాకిష్టం’ అనే కార్యక్రమమూ పెట్టారు. ఇవన్నీ మంచి పనులే. కానీ ఆరేళ్ల పిల్ల ముందుగా చదివేది బొమ్మను. బొమ్మలో ఏం జరుగుతోందో పట్టుకుని, దాని ఆసరాతో కింద ఉన్న మాటను ఊహిస్తుంది. బొమ్మ అబద్ధం చెబితే ఆ ఊహ తప్పుతుంది. అందుకే ఈ బొమ్మలు ఎవరు వేస్తున్నారు, ఏ పరిస్థితుల్లో వేస్తున్నారు అన్నది మీ శాఖకు సంబంధించిన విషయమే అని నా నమ్మకం.

మా పని ఎలా ఉంటుందో కొంచెం చెప్పనివ్వండి. కథ చేతికి వచ్చాక మొదటి వారం పది రోజులు అసలు బొమ్మ మొదలుపెట్టను. ఒక తెల్ల కాగితం మీద అగ్గిపెట్టెలంత గళ్ళు గీసుకుని పుస్తకం మొత్తాన్ని అందులో పేర్చుకుంటాను. ఏ పేజీలో ఏముండాలి, పేజీ తిప్పాకే కనపడాల్సింది ఏమిటి, కథలో చెప్పకుండా వదిలేసిన దాన్ని బొమ్మలో ఎక్కడ పెట్టాలి అని చూసుకుంటాను. తర్వాత కాగితాలు మడిచి, పిన్ను కొట్టి చిన్న డమ్మీ చేసుకుంటాను. ఎదురెదురు పేజీల మీద పరుచుకునే బొమ్మలో ఎవరి ముఖమైనా సరిగ్గా నడిమి మడతలో పడితే అచ్చయ్యాక ముక్కు ఉండదు. చుట్టూ మూడు మిల్లీమీటర్లు కోతకు వదలాలి. కథలో అమ్మాయి మొదటి పేజీలో ఎలా ఉందో చివరి పేజీలోనూ ఆ పిల్లే అనిపించాలి, జడలో ఏ వైపు రిబ్బను ఉందో దానితో సహా. మన రాష్ట్ర పక్షి రామచిలుకను స్క్రీన్ మీద ఎంత పచ్చగా వేసినా నాలుగు రంగుల అచ్చులో అది మసకబారుతుంది. అది ముందే లెక్కేసుకుని రంగు ఎంచుకోవాలి. ఇలా 24 పేజీల పుస్తకం ఒకటి సక్రమంగా చేయాలంటే నాకు మూడు నాలుగు నెలలు పడుతుంది.

తెలుగుకు ఇంకో సంగతి ఉంది, దీన్ని పట్టించుకునేవారు చాలా తక్కువ. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం రాసి చూడండి, పైకి ఎంత పోతుందో కిందికి ఎంత దిగుతుందో. చిన్నపిల్లలు చదవాలంటే అక్షరం పెద్దగా ఉండాలి, రెండు వరసల మధ్య ఒత్తులు ఒకదానికొకటి తగలకుండా జాగా ఉండాలి. తెలుగు కథకు బొమ్మ వేసేవారు ఆ జాగాను బొమ్మలోనే కలుపుకుని వేస్తారు. ఆకాశమో, గోడో, ఖాళీ పొలమో అక్కడ వచ్చేలా చూస్తారు. ఇంగ్లిష్ కోసం వేసిన పుస్తకంలో తర్వాత తెలుగు ఇరికిస్తే ఏమవుతుందో నేను చాలాసార్లు చూశాను. అక్షరాలు చిన్నవైపోతాయి, లేదంటే కుక్కపిల్ల తోక మీదకో, అవ్వ ముఖం మీదకో ఎక్కుతాయి. మన బడుల్లో ఒక పక్క తెలుగు, ఎదురు పక్క ఇంగ్లిష్ ఉన్న పాఠ్యపుస్తకాలు నడుస్తున్నాయి. ఆ పద్ధతిలో కథల పుస్తకాలు కూడా వేయించాలనుకుంటే దయచేసి బొమ్మలు వేసేవారిని మొదటి రోజు నుంచే కూర్చోబెట్టండి. అంతా అయిపోయాక ‘ఇక్కడ కాస్త ఖాళీ చేసి ఇవ్వండి’ అని అడిగితే ఆ బొమ్మకు ప్రాణం పోతుంది.

ఇక డబ్బు సంగతి. దీని గురించి మాట్లాడాలంటే మాలో చాలామందికి మొహమాటం. నాకూ అంతే. అయినా చెబుతాను.

నాకు వచ్చే పనుల్లో ఎక్కువ భాగం ఒక్కో బొమ్మకు ఇంత అని ఒకేసారి ఇచ్చే పద్ధతిలోనే ఉంటాయి. పుస్తకం తర్వాత ఎన్నిసార్లు అచ్చయినా, ఎన్ని వేల బడులకు వెళ్లినా మళ్ళీ ఒక్క రూపాయి రాదు. నాలుగు నెలల పనికి వచ్చిన మొత్తాన్ని నెలకు సర్దితే ఇంటి అద్దె, పిల్లల ఫీజు కట్టాక మిగిలేది ఏమీ ఉండదు. అందుకే మూడు వారాల పనులు ఒప్పుకుంటాం. అందుకే గుంట మగ్గం చూడకుండా చట్రం మగ్గం వేస్తాం.

ఒకసారి ఒక ప్రచురణకర్త నుంచి ఒక పేజీ ఒప్పందం వచ్చింది. ‘సర్వహక్కులూ శాశ్వతంగా’ అని ఉంది. అప్పుడు పని అవసరం, సంతకం పెట్టేశాను. మూడేళ్ల తర్వాత అమ్మమ్మగారి ఊరు వెళితే అంగన్‌వాడీ గోడ మీద నా ఏనుగు కనపడింది. దాని చెవి మీద వాలిన సీతాకోకచిలుకతో సహా నాదే. కింద పెయింటర్ పేరు, ఫోన్ నంబరు రాసి ఉన్నాయి. ఆయన్ని నేను తప్పు పట్టను. ఎండలో నిచ్చెన ఎక్కి వేశాడు, తన పని కింద తన పేరు రాసుకున్నాడు. పిల్లలు ఆ ఏనుగును తడుముతూ ఆడుకోవడం చూసి సంతోషంతో కళ్ళు చెమర్చాయి. ఆ బొమ్మ ఆయనకు ఎక్కడ దొరికిందని అడిగితే, ఎల్‌కేజీ పిల్లల వర్క్‌బుక్ ఒకటి తెచ్చి చూపించారు. దాని అట్ట మీద నా ఏనుగు ఉంది. లోపల ఎక్కడా నా పేరు లేదు.

చట్టం ఏమంటోందో తర్వాత కూర్చుని చదివాను. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం మామూలుగా బొమ్మ వేసినవారే దాని మొదటి హక్కుదారు. కానీ డబ్బిచ్చి ఎవరైనా చిత్రం వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, వేయించుకున్నవారే మొదటి హక్కుదారు. ప్రభుత్వం వేయించుకున్నా అంతే, హక్కు ప్రభుత్వానిది అవుతుంది. అంటే మా బతుకంతా ‘వేరే ఒప్పందం’ అన్న ఆ రెండు మాటల్లో ఉంది. హక్కులు రాసివ్వడం గురించి 19వ సెక్షన్ చెబుతుంది: అది రాతపూర్వకంగా ఉండాలి, ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్లే లెక్క. 57వ సెక్షన్ ఇంకా మంచిది. హక్కులన్నీ అమ్మేసుకున్నా సరే, ‘ఇది నేను వేసింది’ అని చెప్పుకునే హక్కు మాత్రం వేసినవారి దగ్గరే ఉంటుంది. ఆ సెక్షన్ చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇన్నేళ్లూ పేరు వేయమని బతిమాలుకున్నది నా హక్కునే అని అప్పటిదాకా తెలియదు.

పేరు విషయంలో మనకు మంచి సంప్రదాయమే ఉండేది. 1947 జూలైలో చందమామ మొదలైంది. అట్ట మీద బొమ్మ మూలలో ‘వ.పా.’ అని కనపడితే శ్రీకాకుళం నుంచి వచ్చిన వడ్డాది పాపయ్య గారని ఊళ్లలో పిల్లలకు కూడా తెలుసు. చిత్రా, శంకర్ అన్న సంతకాలనూ అలాగే గుర్తుపట్టేవారు. బేతాళుణ్ణి భుజాన వేసుకున్న విక్రమార్కుడి బొమ్మ వేసిన శంకర్ గారు 2020లో వెళ్లిపోయారు, మరుసటి ఏడాది ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. బాపు గారికి 2013లో ఇచ్చారు. చందమామ చిత్రకారులు నెల జీతం మీద పనిచేసినవారు. ఇవాళ మాకు ఆ జీతం లేదు. ఆ గుర్తింపు కూడా లేకపోతే కొత్తవాళ్ళు ఈ పనిలోకి ఏం చూసి వస్తారు? నా దగ్గర నేర్చుకున్న ఇద్దరు చక్కటి ఆర్టిస్టులు ఇప్పుడు పెళ్లి కార్డులు, షాపుల లోగోలు చేసుకుంటున్నారు. పిల్లల పుస్తకమంటే ప్రాణం పెట్టేవాళ్ళు. వాళ్ళను నేను వెనక్కి రమ్మనలేకపోతున్నాను.

కేంద్ర సాహిత్య అకాడెమీ 2010 నుంచి బాల సాహిత్య పురస్కారం ఇస్తోంది, చాలా సంతోషం. అది రచయితలకు. అమెరికాలో బొమ్మల పుస్తకాల చిత్రకారుల కోసమే 1938 నుంచి కాల్డెకాట్ మెడల్ ఉంది. మన రాష్ట్రం తరఫున తెలుగు బొమ్మల పుస్తకానికి ఏటా ఒక బహుమతి పెడితే ఎంత ఖర్చవుతుంది? దాని కంటే ముందు కావాల్సింది మాత్రం ఒప్పందమే. మీ శాఖ ఒక నమూనా ఒప్పందం తయారు చేయించండి. ఎన్ని కాపీలకు, ఎన్నేళ్లకు, ఏ రూపంలో వాడుకుంటారో అందులో స్పష్టంగా రాయండి. మళ్ళీ అచ్చువేస్తే ఎంతో కొంత ఆర్టిస్టుకు వచ్చేలా చూడండి. రఫ్ స్కెచ్‌లు ఇచ్చినప్పుడు కొంత, ఫైనల్ ఇచ్చినప్పుడు కొంత చెల్లించే పద్ధతి పెట్టండి. బడి లైబ్రరీలకు పుస్తకాలు ఎంపిక చేసే పత్రంలో రచయిత పేరు పక్కనే బొమ్మలు వేసినవారి పేరుకు ఒక గడి ఉండాలి. పేరు లేని పుస్తకాన్ని తీసుకోం అని ప్రభుత్వం ఒక్క మాట అంటే చాలు, మేం పద్దెనిమిదేళ్లు అడిగినా వేయని పేర్లు మరుసటి నెలలోనే అట్టల మీదకు వస్తాయి.

ఈమధ్య ఇంకో టెన్షన్ మొదలైంది. కంప్యూటర్‌కు నాలుగు మాటలు చెబితే క్షణాల్లో బొమ్మ ఇచ్చేస్తోంది. అలా తీసిన బొమ్మలు నాకు పంపి ‘వేళ్ళు ఆరు వచ్చాయి, కాస్త సరిచేసి ఇవ్వండి మేడమ్’ అని అడిగారు ఒకరు. చేయనన్నాను. ఆ బొమ్మలో అవ్వ కట్టుకున్న చీర కట్టు మనది కాదు, పొయ్యి మనది కాదు, ఇంటి ముందు ముగ్గు ముగ్గే కాదు. వేళ్ళ సంగతి సరే, మిగతాదంతా ఎవరు సరిచేస్తారు? నేను తప్పు చేస్తే చీరాల వెళ్లి నేర్చుకుని వచ్చాను. బడి పిల్లల పుస్తకాలకు బొమ్మలు మనిషే వేయాలని, చూసి వేయాలని ఒక నియమం పెట్టమని కోరుతున్నాను.

ఆ మగ్గం బొమ్మ మళ్ళీ వేశాను. ఈసారి గుమ్మంలోంచి కనపడినట్టే, మనిషి నడుము దాకానే. రెండో ముద్రణలో మార్చమని పంపితే, అచ్చు ప్లేట్లు అవే వాడుతున్నాం కుదరదన్నారు. అందుకని కొత్త బొమ్మను కాగితం మీద ప్రింట్ తీసుకుని, ఆ బడిలో ఉన్న ప్రతిలో పాత పేజీ మీద నేనే అంటించి వచ్చాను. పాప అప్పటికి నాలుగో తరగతిలో ఉంది. ఆ ఒక్క ప్రతిలోనే బొమ్మ సరిగ్గా ఉంది, మిగతా బడుల్లో ఇంకా చట్రం మగ్గమే ఉంది. మీరు ఒక అరగంట సమయం ఇస్తే పాత బొమ్మ, కొత్త బొమ్మ రెండూ తీసుకుని వస్తాను.

ఇట్లు,
పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే ఒక ఆర్టిస్ట్,
విజయవాడ