ఆ మూడు కొటేషన్ల గురించి

చిన్నా,

భవనం పనికి కాంట్రాక్టర్లు ఇచ్చారని నువ్వు పంపిన మూడు కొటేషన్లూ చదివాను. అందరికంటే తక్కువ వేసినతనికే పని ఇచ్చేద్దామని మీ ఆఫీసులో అంటున్నారట. తొందరపడకు. అడుగున ఉన్న మొత్తం వదిలేసి ఒక్కో ఐటమ్ రేటు చూడు. పునాదులకు, కాలమ్‌లకు మిగతా ఇద్దరి కంటే బాగా ఎక్కువ వేశాడు. ప్లాస్టరింగ్, ఫ్లోరింగ్ దగ్గరికి వచ్చేసరికి కూలి కూడా గిట్టని రేటు. అంటే లాభమంతా మొదటి బిల్లుల్లోనే చేతికొస్తుంది. ఫినిషింగ్ నాటికి అతను సైటులో ఉండాల్సిన అవసరమే ఉండదు. కావాలనే వేశాడో, లెక్క తప్పాడో మనకు తెలియదు కదా, పిలిచి ఆ రేటు ఎలా గిడుతుందో విడదీసి చెప్పమను.

పూర్తయిన భవనాల ఫోటోలు అందరూ చూపిస్తారు. నువ్వు ఇప్పుడు పని నడుస్తున్న సైటుకు వెళ్లు. స్టీలు కింద కడ్డీలను ఎత్తిపట్టే చిన్న దిమ్మెలు, అదే కవర్ బ్లాకులు ఉన్నాయా, స్లాబు అచ్చును మోసే సెంట్రింగ్ ప్రాపులు గట్టి ఆధారం మీద నిటారుగా నిలిచాయా చూడు. కూలి డబ్బులు వేళకు అందుతున్నాయా అని పనివాళ్లనే అడుగు. సంతకం పెట్టేది కాంట్రాక్టరు, పని చేయించేది మేస్త్రీ. మన సైటుకు వచ్చే మేస్త్రీ ఎవరో, అడగకుండా అతన్ని మార్చకూడదనీ, పనిని మరొకరికి అప్పగించకూడదనీ ఒప్పందంలో రాయించు.

ఒకరి పని ఆగి ఇంకొకరి పని మొదలయ్యే చోటే గొడవలు పుడతాయి. స్లాబులో పైపులు దిగే చోట స్లీవులు, అంటే పైపు దూరడానికి ఖాళీ గొట్టాలు, ముందే పెట్టాలి. సెంట్రింగ్ వాళ్లు పెడతారని ప్లంబర్, అది ప్లంబర్ పనేనని వాళ్లు. ఈలోగా కాంక్రీటు పడిపోతుంది. తర్వాత కోర్ కటింగ్ మిషన్ తెచ్చి స్లాబు తొలుస్తారు, కడ్డీలు తెగుతాయి, ఖర్చు ఎవరిదని కొట్లాట. అందుకే పోతకు ముందురోజు ప్లంబర్‌ను, ఎలక్ట్రీషియన్‌ను, కడ్డీలు కట్టే బార్ బెండర్‌ను, సెంట్రింగ్ మేస్త్రీని స్లాబు మీదికి ఎక్కించి, డ్రాయింగు పట్టుకుని మూలమూలా తిరుగు. నలుగురూ సంతకం చేశాకే కాంక్రీటుకు కబురు పెట్టు. బాత్‌రూముల వాటర్‌ప్రూఫింగూ అంతే. కనీసం 24 గంటలు నీళ్లు నిలబెట్టి చూడందే టైల్స్ వేయనివ్వకు. టైల్స్ పడ్డాక తప్పు తనదని ఒప్పుకునేవాడిని నేనింతవరకూ చూడలేదు!

బిల్లు తొక్కిపట్టి పని రాబట్టడం చాలామందికి గొప్ప తెలివిగా కనిపిస్తుంది. నాకది నచ్చదు. కొలతలు అతని మనిషి ఎదుటే తీసి పుస్తకంలో రాయించు, తేదీకి డబ్బు ఇచ్చెయ్. రిటెన్షన్, అంటే ప్రతి బిల్లులో కొంత ఆపి ఉంచడం, దాని సంగతి వేరు. అది ముందే రాసుకున్నది, మామూలుగా బిల్లులో 5 నుంచి 10 శాతం, లోపాలు బయటపడితే అతనే సరిచేయాల్సిన గడువు తీరాక తిరిగి ఇవ్వాల్సిన సొమ్ము. అడ్వాన్సు ఇస్తే ఏ బిల్లులో ఎంత కోస్తావో కూడా ముందే తేల్చుకో. వేళకు డబ్బిచ్చే ఇంజనీరు ‘ఈ గోడ నిటారుగా లేదు, పడగొట్టి కట్టు’ అంటే మేస్త్రీ గొణుక్కుంటూనైనా కడతాడు. బాకీపడ్డ ఇంజనీరుకు ఆ మాట అనే నోరెక్కడిది?

నాకైతే రెండో కొటేషన్ నచ్చింది. రేటు కాస్త ఎక్కువే. కానీ పరంజా, కాంక్రీటు తడిపే క్యూరింగ్ నీళ్లు, చెత్త ఎత్తివేత తన రేటులో కలవలేదని అతనే విడిగా రాశాడు. అవి కూడా కలిపి ముగ్గురివీ మళ్లీ పోల్చు. ఈ ఆదివారం లోపు అతని సైటు చూసి వచ్చి నాకు ఫోను చెయ్.

ఆశీస్సులతో,
అమ్మ