సన్ రా సినిమాకు తెలుగు అక్షరాలు అద్దినవాళ్లకు కృతజ్ఞతలు

'ఎ జాయ్‌ఫుల్ నాయిస్' అమెరికన్ జాజ్ సంగీతకారుడు సన్ రా, ఆయన బృందం మీద తీసిన డాక్యుమెంటరీ. దాని ప్రదర్శన అయిపోయాక చాలామంది అడిగారు, సబ్‌టైటిల్స్ ఎవరు చేశారు, సౌండ్ ఎవరు చూసుకున్నారు అని. పేర్లు వేయొద్దని వాళ్లే అన్నారు. అందుకే వాళ్లు చేసిన పని చెప్పి దణ్ణం పెడుతున్నాం.

ముందు సినిమా తీసినవాళ్లకు. నిర్మాత, దర్శకుడు, ఎడిటర్ మూడూ రాబర్ట్ మగ్గీ ఒక్కరే. 1978 నుంచి 1980 దాకా ఫిలడెల్ఫియా, బాల్టిమోర్, వాషింగ్టన్‌లలో తీసి అరవై నిమిషాలకు కుదించారు. కెమెరా లారెన్స్ మెకాంకీ. తరవాత 1990లో 'గుడ్‌ఫెలాస్'లో కోపకబానా క్లబ్బులోకి వెనక దారిన నడిచే ఆ పొడవాటి స్టెడీకామ్ (ఒంటికి కట్టుకుని నడుస్తూ తీసే కెమెరా) షాట్ పట్టింది ఈయనే. తీసింది 16 ఎం.ఎం. ఫిల్ము మీద. ఆ కెమెరాకి మామూలుగా ఎక్కించే 400 అడుగుల రోలు, సెకనుకి 24 ఫ్రేముల లెక్కన పదకొండు నిమిషాలకే అయిపోతుంది. సన్ రా బృందం ఒక్కసారి అందుకుంటే పదకొండు నిమిషాలకు ఆగే రకం కాదు. రోలు ఎక్కడ మొదలుపెట్టాలో, ఎవరి సోలో మధ్యలో మార్చినా నష్టం లేదో సంగీతం వింటూ అక్కడికక్కడే తేల్చుకోవాలి. ఇంటి డాబా మీద ఫోనుతో గంటలకొద్దీ రికార్డు చేసే మనకు ఆ ఒత్తిడి తెలియదు. మార్షల్ ఆలెన్, జాన్ గిల్మోర్‌ల శాక్సొఫోన్లు, జూన్ టైసన్ గొంతు, పిడుగు పడిన చెట్టు మొద్దును తొలిచి జేమ్స్ జాక్సన్ చేసుకున్న డోలు తెరమీద అంత నిండుగా కనిపిస్తున్నాయంటే ఆ లెక్క తప్పలేదన్నమాట.

ఇక మన వాళ్లు.

సబ్‌టైటిల్స్ రాసిన అక్కకు మొదటి అడ్డు బృందం పేరే. ఇంగ్లీషులో 'ఆర్కెస్ట్రా' స్పెల్లింగు మార్చి, అందులో 'ఆర్క్', అంటే బైబిల్లోని నోవహు ఓడ, కనిపించేలా పెట్టాడు సన్ రా. తెలుగులో మనం మామూలు ఆర్కెస్ట్రానే 'ఆర్కెస్ట్రా' అని రాస్తాం కదా! చమత్కారం మొత్తం మన లిపిలో మునిగిపోయింది. పేరు మొదటిసారి వచ్చినచోట మాత్రం 'ఆర్క్' అనే ముక్కను పసుపు రంగులో వేసి, పక్కన 'ఓడ' అని చిన్నగా చేర్చింది అక్క. తరవాత ఇక ఎక్కడా వివరణ లేదు. 'రా' దగ్గర ఇంకో చిక్కు. ఈజిప్టువాళ్ల సూర్యదేవుడి పేరది, మన చెవికి మాత్రం పిలుపులా వినిపిస్తుంది. వినిపించనీ అని వదిలేసింది. మంచి పని చేసింది.

మాటలతో ఆడుకోవడంలో సన్ రాది పెద్ద చెయ్యి. 'హిస్టరీ' అంటే 'హిజ్ స్టోరీ', వాడి కథ. నా కథ వేరు అంటాడు. దీన్ని 'చరిత్ర' అని తర్జుమా చేస్తే చచ్చిపోతుంది. అందుకని ఇంగ్లీషు మాటనే తెలుగు లిపిలో ఉంచి, అర్థం రెండో వరసలో వేసింది. 'మిస్టర్ రా', 'మిస్టర్ రే', చివరికి 'మిస్టరీ' అని తన పేరుతో ఆడిన చోట తెలుగు లిపే కలిసొచ్చింది. 'మిస్టర్ రే' కింద 'మిస్టరీ' పడగానే హాల్లో నవ్వు మొదలైంది. ఆయన మాటకీ మాటకీ మధ్య ఆగుతాడు. వాక్యం మొత్తం ఒకేసారి వేస్తే ప్రేక్షకుడు ఆయనకంటే ముందే నవ్వేస్తాడు. అందుకే విరుపు ఉన్నచోటల్లా టైటిల్ రెండుగా కోసింది. బృందం ఒకే పదాన్ని మళ్లీ మళ్లీ పాడే చోట్ల మొదటి రెండుసార్లు వేసి తీసేసింది. లేకపోతే కళ్లు కిందే అతుక్కుపోయి, మెరుపుల అంగీలూ కిరీటాలూ చూసేవాళ్లుండరు.

కొలతలు అడిగినవాళ్ల కోసం: వరసకి 28 అక్షరాలు మించలేదు, రెండు వరసలే, ఒక్కోటి కనీసం సెకనున్నర. బొమ్మ 4:3 (వెడల్పు నాలుగైతే ఎత్తు మూడు) కాబట్టి వెడల్పు తక్కువ. వత్తులు కిందికీ, గుడులు పైకీ పోతాయి కనుక వరసల మధ్య దూరం ఇంగ్లీషుకి ఉంచేదానికంటే ఎక్కువ పెట్టాలి, కింద అంచు నుంచి కూడా ఇంకొంచెం పైకి జరపాలి. మొదటి పరీక్షలో 'స్త్ర' కింద సగం తెగిపోయింది. ఫైలు యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలనూ పట్టే పద్ధతి అది) దాచకపోతే అక్షరాల బదులు పిచ్చి గుర్తులొస్తాయి. దాచినా కొన్ని ప్లేయర్లు వత్తుల్ని విడగొట్టి పక్కన పడేస్తాయి. అందుకని చివరికి నోటో సాన్స్ తెలుగు బోల్డులో, నల్ల అంచుతో బొమ్మలోనే అచ్చువేశారు. 16 ఎం.ఎం. గరుకు మీద సన్న గీతల ఫాంటు పనికిరాదు.

అనుమతి తీసుకుని తెచ్చుకున్న కాపీలో ఏదో తేడా ఉందని పట్టింది వీణ వాయించే తమ్ముడు. "శ్రుతి పెరిగింది" అన్నాడు. ఎవరూ నమ్మలేదు. చూస్తే అది సెకనుకి 25 ఫ్రేములకు మార్చిన కాపీ. 24ని 25 చేస్తే అరవై నిమిషాల సినిమా 57 నిమిషాల 36 సెకన్లకే అయిపోతుంది, శ్రుతి దాదాపు ముప్పావు స్వరస్థానం పైకి పోతుంది. శాక్సొఫోన్ గొంతు పిల్లనగ్రోవి వైపు జరుగుతుంది. సబ్‌టైటిల్స్ 24కి కట్టినవైతే మొదట్లో సరిపోయినట్టే ఉండి, చివరికొచ్చేసరికి రెండు నిమిషాల 24 సెకన్లు వెనకబడతాయి. మొదటి అయిదు నిమిషాలు మాత్రమే చూసి "అంతా బాగుంది" అనుకునేది ఇక్కడే. వేగాన్ని 96 శాతానికి తగ్గించి, శ్రుతిని కూడా వేగంతో పాటే దిగనిచ్చాడు. 'పిచ్ అలాగే ఉంచు' అనే టిక్కు తీసేయాలి, అది మర్చిపోతే వేగం తగ్గినా శ్రుతి పైనే ఉండిపోతుంది.

తెర దగ్గర నిలబడ్డ అన్నయ్య మూడు పనులు చేశాడు. ప్రొజెక్టరులో 'ఆటో' తీసి 4:3 పెట్టాడు. సాగదీస్తే మనుషులు లావవుతారు, తెర నింపాలని కత్తిరిస్తే ఎత్తులో పావు వంతు పోతుంది. ఈ సినిమాలో ఆ పావు వంతులోనే తలపాగాలన్నీ ఉంటాయి. రెండోది, బ్లూటూత్ స్పీకరు ఇంటికి పంపించేసి కేబుల్ వేశాడు. బ్లూటూత్‌లో శబ్దం సెకనులో ఆరో వంతు, అయిదో వంతు ఆలస్యమైనా ఆశ్చర్యం లేదు. సినిమాలో ఒక ఫ్రేము సుమారు 42 మిల్లీ సెకన్లు, నాలుగు ఫ్రేములు జరిగితే కర్ర డోలు మీద పడ్డాక దెబ్బ వినిపిస్తుంది. పెదాలు చూసి సరిచేస్తే కుదరదని, జాక్సన్ కర్ర చూసి సరిచేశాడు. మూడోది వాల్యూమ్. మాటలకి పెట్టుకుని ఊరుకుంటే మార్షల్ ఆలెన్ ఆల్టో శాక్సొఫోన్ అరిచినప్పుడు జనం చెవులు మూసుకుంటారు. అందుకే అన్నిటికంటే గట్టి చోటు వినిపించి స్థాయి కట్టాడు, హాలు రేకుల పైకప్పు కాబట్టి 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య 3 డెసిబెల్స్ దించాడు, 'నైట్ మోడ్' ఆపేశాడు. అది ఆన్‌లో ఉంటే గుసగుసా గర్జనా ఒకే ఎత్తులో వస్తాయి. ఈ సంగీతానికి అంతకంటే అన్యాయం లేదు.

కుర్చీలు మోసినవాళ్లకీ, కరెంటు పోతుందేమోనని జనరేటరు పక్కనే కూర్చున్న పెద్దాయనకీ కూడా మా దండాలు. కరెంటు పోలేదు.

ఒక్క తప్పు మిగిలింది: సినిమాలో డాబా మీద కచేరీ వచ్చే చోట ఒక టైటిల్ సెకను ముందే పడుతోంది. అక్క ఈ వారం సరిచేస్తానంది. ఇంకో ఊళ్లో వేయాలనుకునేవాళ్లు హక్కుదారుల అనుమతి విడిగా తీసుకుని, ఆ తరవాత సబ్‌టైటిల్స్ ఫైలు అడగండి. అది 24 ఫ్రేములకు కట్టింది.