ఆదివారం: స్టాక్ కార్ల కబుర్లు

అందరికీ నమస్కారమండీ!

ఈ ఆదివారం సాయంత్రం 4 గంటలకు మన కమ్యూనిటీ హాల్లో కలిసి స్టాక్ కార్ రేసుల గురించి, అంటే కార్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ సాగే రేసుల గురించి, కబుర్లు చెప్పుకుందాం. లండన్‌లో వింబుల్డన్ స్టేడియంలో బ్యాంగర్ రేసులు (పాత కార్లు గుద్దుకుంటూ సాగేవి) చూసినవాళ్లు, పల్లెల్లో గడ్డి ట్రాకుల మీద ఆటోగ్రాస్ కార్ రేసులు చూసినవాళ్లు తప్పకుండా రావాలి.

బ్రిటన్‌లో స్టాక్ కార్ల రేసులు మొదలైంది 1954 గుడ్ ఫ్రైడే నాడు, లండన్‌లోని న్యూ క్రాస్ స్టేడియంలో. వింబుల్డన్‌లో ఆఖరి రేసు 2017 మార్చిలో జరిగింది. ఇప్పుడక్కడ ఫుట్‌బాల్ స్టేడియం, ఫ్లాట్లు. చూసినవాళ్లు చెబితేనే మన పిల్లలకు తెలిసేది.

పిల్లలకు స్టాక్ కార్ల పైకప్పు రంగుల సంగతి ముందే చెప్పి తీసుకురండి. తెల్ల కప్పు కొత్తవాళ్లది, ముందు వరసలో ఉంటుంది. తర్వాత పసుపు, నీలం. ఎర్ర కప్పువాళ్లు ఆరితేరినవాళ్లు కాబట్టి వెనక నుంచి బంపర్లతో తోసుకుంటూ రావాల్సిందే! ప్రపంచ ఛాంపియన్‌కి బంగారు రంగు. ఇంత న్యాయమైన పద్ధతి నాకు ఇంకే ఆటలోనూ కనబడలేదు.

పాత ఫొటోలు, ప్రోగ్రాం పుస్తకాలు ఉంటే తీసుకురండి. ఫొటో వెనక పెన్సిల్‌తో ట్రాక్ పేరు, సంవత్సరం రాయండి.

పులిహోర మేం తెస్తాం. టీ ఫ్లాస్కులు ఎవరైనా ఇద్దరు తేవాలి.

ఎంతమంది వస్తున్నారో శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే చెప్పండి, మర్చిపోవద్దు.