బ్యాంకు మెయిల్లో లింకు ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

నేను బ్యాంకు కౌంటర్లో పనిచేసి రిటైరైనవాణ్ని. మా వీధి పెన్షనర్లు అనుమానం వచ్చిన మెయిల్ ఏదైనా నాకే చూపిస్తారు. నవంబరులో ఈ తాకిడి ఎక్కువ. అది లైఫ్ సర్టిఫికెట్ల నెలని మోసగాళ్లకూ తెలుసు. పోయిన నవంబరులో ఎదురింటి మాస్టారికి ‘కేవైసీ గడువు ఈ రోజుతో సరి, అప్‌డేట్ చేయకపోతే పెన్షన్ ఆగుతుంది’ అని వచ్చింది. పైన బ్యాంకు పేరు, లోగో అన్నీ ఉన్నాయి. ఫోన్లో పంపినవారి పేరే కనిపిస్తుంది కదా, దాని మీద నొక్కితే ఎవరిదో జీమెయిల్ అడ్రసు బయటపడింది. ‘‘ఇంత పెద్ద బ్యాంకుకి సొంత మెయిల్ లేదంటారా మాస్టారూ?’’ అన్నాను. టెన్షన్ తగ్గి నవ్వేశారు.

అన్నీ ఇంత సులువుగా దొరకవు. అందుకే బ్యాంకుల వెబ్‌సైట్లన్నీ 2025 అక్టోబరు 31లోగా ‘బ్యాంక్ డాట్ ఇన్’ (.bank.in) చిరునామాకి మారాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. ఆ చిరునామాలను రిజిస్టర్ చేసేది మన హైదరాబాద్‌లో రిజర్వ్ బ్యాంకు నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ అనే సంస్థ. వెబ్‌సైటు పేరు సరిగ్గా ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’తోనే, అంటే ‘బ్యాంక్’కి ముందూ చుక్కతో, ముగియాలి. ఆ తర్వాత వాలుగీత ఉంటే ఫర్వాలేదు. మళ్లీ చుక్కో, చిన్న గీతో పెట్టి ఇంకో మాట తగిలించారంటే దొంగదే, ముందు మీ బ్యాంకు పేరు ఎంత చక్కగా రాసివున్నా సరే. వెబ్‌సైటు పేరు పక్కన కనిపించే తాళం బొమ్మను నమ్మొద్దు, అది దొంగ సైటుకీ వస్తుంది.

ఇంత మంచి ఏర్పాటు గురించి మా ఊరి బ్రాంచీల్లో తెలుగులో ఒక్క ముక్క లేదు. గోడలనిండా గోల్డ్ లోన్, బీమా పోస్టర్లే. పైగా ‘లింకులు నొక్కకండి’ అని హెచ్చరించే మెయిల్ కిందే ‘ఆఫర్ కోసం ఇక్కడ నొక్కండి’ అని బటన్! కస్టమర్ ఏది నమ్మాలి?

డబ్బు పోతే చాలామంది సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఆగిపోతున్నారు. బ్యాంకుకీ వెంటనే చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. రిజర్వ్ బ్యాంకు 2017 జులైలో తెచ్చిన నియమం ప్రకారం, ఓటీపీ మనమే ఇచ్చినా బ్యాంకుకి తెలిపాక జరిగే నష్టం బ్యాంకుదే. అంతకుముందు పోయింది మాత్రం మనదే. కౌంటర్లో ఈ మాట ఎవరూ చెప్పరు.

వచ్చే నవంబరులోగా పాస్‌బుక్ ప్రింటింగ్ మిషన్ పక్కన తమ వెబ్‌సైటు పేరు, 1930 పెద్దక్షరాలతో తెలుగులో రాసిపెట్టాలని బ్యాంకులను కోరుతున్నాను. తమ మెయిళ్లలో లింకులు పెట్టడం కూడా మానేయాలి. కావలసినవాళ్లం యాప్ తెరిచి చూసుకుంటాం.

— ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, తెనాలి