శీనుగాడికి, గుంటూరు నుంచి

ఒరేయ్ శీనూ,

ఫోటో చూశాం. ఆఫ్ఘన్ కుటుంబం కోసం సోఫా పైఅంతస్తుకి మోస్తున్నావు, సంతోషం. ఇక్కడ పెళ్ళిళ్ళలో కుర్చీ జరపమంటే నడుం నొప్పన్నవాడివి నువ్వేనా అని మా ఆవిడ అడగమంది.

చివర్లో ఒక మాటన్నావు చూడు, "నా వీసాకే దిక్కులేదు, నేనొకళ్ళని రమ్మనేదేంటి" అని. దాని మీద నీతో పోట్లాడాలి. ఫోన్లో అయితే నన్ను మాట్లాడనివ్వవు, అందుకే ఇట్టా రాస్తున్నా.

మీ అమెరికా సంగతి పేపర్లో చూస్తూనే ఉన్నా. 2025 జనవరిలో శరణార్థుల కార్యక్రమాన్ని ఆపేశారు. ఏడాదికి 1,25,000 మంది అన్న పరిమితిని 2026కి 7,500 చేశారు. సరే, కొత్తవాళ్ళు పెద్దగా రారు. ముందే వచ్చినవాళ్ళు ఎక్కడికి పోతారు? పిల్లల్ని బళ్ళో వేయాలి, వాళ్ళ నాన్నకి డ్రైవింగ్ లైసెన్సు కావాలి, క్రెడిట్ హిస్టరీ లేనివాడికి ఇల్లిచ్చే ఓనరు దొరకాలి. ఇయ్యన్నీ నీకు కొట్టిన పిండి. అక్కడే పుట్టి పెరిగినవాడికి ఈ తిప్పలెట్టా తెలుస్తాయిరా?

చలికాలం మన దగ్గర స్వెటర్లు అమ్మే టిబెటన్లు గుర్తున్నారా? ఈసారీ వచ్చారు. కొట్లో ఉండే అమ్మాయి "ఐదొందలు లాస్టు అన్నా" అని తెగేసి చెబుతుంది, నా బేరం సాగదు. వాళ్ళది కర్ణాటకలో ముండ్‌గోడ్. దలైలామా 1959లో వచ్చాక వాళ్ళ పెద్దలకి అక్కడ చోటిచ్చారు. ఈ పిల్ల పుట్టిందీ పెరిగిందీ అక్కడే, అయినా ఆర్‌సీ కార్డు, అదే టిబెటన్లకి మన ప్రభుత్వం ఇచ్చే నమోదు పత్రం, చేతిలో ఉండాలి, గడువు దాటకుండా మళ్ళీ చేయించుకోవాలి. మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం పెట్టలేదు గదా, వాళ్ళకి ఆ కార్డే ఆధారం. అది చూస్తే నీ హెచ్-1బీ ఆమోదం తాలూకు ఐ-797 కాగితం గుర్తొచ్చింది నాకు.

అమరావతిలో జరిగిన ఆ బౌద్ధుల కాలచక్ర ఉత్సవం గుర్తుందా, 2006 జనవరి? బుద్ధుడు కాలచక్రాన్ని బోధించింది మన ధాన్యకటకంలోనే, అంటే ఈ అమరావతి దగ్గరే అని టిబెటన్ల నమ్మకం. అందుకే దలైలామా వచ్చాడు, వెనకాల జనం తిరనాళ్ళకొచ్చినట్టు వచ్చారు. మా పెదనాన్న ముందుగది అద్దెకిచ్చాడు. డబ్బుల కోసమే ఇచ్చాడు, అందులో దాపరికం లేదు. అద్దె న్యాయంగా చెప్పాడు, పొద్దున్నే మోటారు వేసి నీళ్ళిచ్చాడు, అంతే. ఒకరోజు ఆ గదిలో ముసలాయన ఉప్పేసిన వెన్న టీ ఇస్తే, మా పెదనాన్న తాగలేక, పారబోయలేక గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. అభిమానాలన్నీ తర్వాత పుట్టాయి. ముందు గది, నీళ్ళు, సరైన అద్దె. నువ్వు చేసే పనీ ఆ బాపతుదే, దానికి గ్రీన్‌కార్డెందుకు?

అట్టాగని మనూరిని మరీ పొగడను. మిరపకోతలకి కర్నూలు వైపు నుంచి కుటుంబాలు పిల్లల్తో సహా దిగుతాయి, పొలాల పక్కన గుడారాలు వేసుకుంటాయి, పిల్లల చదువు అటకెక్కుతుంది. వాళ్ళయితే సొంత రాష్ట్రం వాళ్ళే! ఇక స్పిన్నింగ్ మిల్లుల్లో పనిచేసే ఒడిశా కుర్రాళ్ళ సంగతి చెప్పాలా? మా వీధిలో ఒకాయన టూ-లెట్ బోర్డు పెట్టాడు, వీళ్ళు అడిగితే "ఫ్యామిలీలకే" అన్నాడు. ఆయన కొడుకు టెక్సస్‌లో ఇంకో నలుగురితో కలిసి ఒకే ఫ్లాట్‌లో ఉంటున్నాడు! ఆ మాట ఆయన మొహానే అంటే ఇల్లు రాదు. అందుకని నేనూ మా పక్కింటి మాస్టారూ వెళ్ళి కూర్చుని, వాళ్ళ ఆధార్ జిరాక్సులిచ్చి, మాదీ పూచీ అన్నాం. పైగది ఇచ్చాడు. రాత్రి పదింటికి గేటు మూయాలని షరతు పెట్టాడనుకో. వాళ్ళకి నైట్ షిఫ్టులున్నాయి, దాని గురించి ఇంకా బేరం నడుస్తోంది.

నీ సంగతి. 2025 సెప్టెంబర్లో ప్రకటించిన ఆ లక్ష డాలర్ల హెచ్-1బీ ఫీజు కొత్త పిటిషన్లకే గానీ నీకు కాదని మీ అమ్మకి చెప్పా. పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ కోసం మాత్రం ఇప్పుడు ఇక్కడికి బయల్దేరకు. 2025 డిసెంబర్లో కాన్సులేట్ అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి నెడితే, ఇక్కడికొచ్చి ఇరుక్కుపోయినవాళ్ళని చూస్తున్నాం. పండక్కి రావని తెలిసి మీ అమ్మ ఒక పూట నాతోనూ మాట్లాడలేదు. ఇప్పుడు అరిసెలు పంపుతానంటోంది, ఆ ఆఫ్ఘన్ పిల్లలకి కూడా కలిపి. వాళ్ళలో నువ్వులు పడనివాళ్ళెవరన్నా ఉన్నారేమో కనుక్కుని వెంటనే చెప్పు, పాకం పట్టేలోపు ఆమెకి చెప్పాలి.

నీ,
రవి