సోలార్ రాయితీ సరే, శ్లాబు వేడి సంగతేమిటి?

సంపాదకుడికి,

అయ్యా,

ఇంటి మీద సోలార్ ప్యానెళ్లు పెట్టుకునేవారికి ప్రభుత్వాలు ఇస్తున్న రాయితీల గురించి మీ పత్రికలో తరచుగా వార్తలు వస్తున్నాయి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడు కిలోవాట్లు, అంతకు మించితే 78 వేల రూపాయలు కేంద్రం ఇస్తోంది. దేశంలో కోటి ఇళ్లకు ఈ మేలు అందించడానికి 75,021 కోట్ల రూపాయలు కేటాయించారు. మన రాష్ట్ర ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు రెండు కిలోవాట్ల వరకు ఉచితంగా పెట్టిస్తామనీ, బీసీలకు అదనపు రాయితీ ఇస్తామనీ ప్రకటించింది. ఇదంతా స్వాగతించవలసినదే. అయితే కర్నూలు వంటి ఊళ్లో ఇంటి కరెంటు ఏ వేళ, దేనికోసం ఖర్చవుతోందో చూడకుండా ఉత్పత్తి ఒక్కదానికే సొమ్ము ఇవ్వడం, గాబుకు చిల్లు ఉండగా ఇంకా పెద్ద మోటారు కొనుక్కోవడం లాంటిది. మన ప్రాంతపు ఇళ్లకు ముందుగా కావలసింది పైకప్పు వేడిని తగ్గించుకోవడానికి గ్రాంటు.

ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, నంద్యాల ప్రాంతాల్లో పగటి ఉష్ణోగ్రత 43, 44 డిగ్రీలకు చేరడం మనకు కొత్త కాదు. నాలుగైదు అంగుళాల కాంక్రీటు శ్లాబు రోజంతా ఆ ఎండను పీల్చుకుని, పొద్దుగూకాక ఆ వేడిని గదిలోకి వదులుతుంది. బయట గాలి కాస్త చల్లబడే వేళకు లోపల ఉక్క మొదలవుతుంది. ఫ్యాను ఆ వేడిగాలినే తిప్పుతుంది. స్తోమత ఉన్నవారు ఏసీ పెట్టించుకుంటారు గానీ, అది మనుషుల కంటే ముందు గోడలనూ శ్లాబునూ చల్లబరచవలసి వస్తుంది. ప్యానెళ్లు కరెంటు ఇచ్చేది పగలు, మన ఇళ్లలో వేసవి వాడకం ఎక్కువగా ఉండేది రాత్రి. పగలు మనం గ్రిడ్‌కు పంపిన కరెంటును మన వాడకంలోంచి మినహాయించే నెట్ మీటరింగ్ వల్ల బిల్లులో ఈ రెండూ చెల్లుకు చెల్లు కావచ్చు. కానీ రాత్రి పదింటికి ఏసీని నడిపే కరెంటులో చాలా భాగం ముద్దనూరు దగ్గరి ఆర్‌టీపీపీ (రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం) వంటి బొగ్గు కేంద్రాల నుంచే రావాలి. గని, శకునాల ప్రాంతంలో 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉన్న ఉమ్మడి జిల్లా మనది. చీకటి పడితే ఆ పార్కూ మనకు అక్కరకు రాదు. శ్లాబు వేడి తగ్గితే మాత్రం రాత్రి వాడకమే తగ్గుతుంది.

దీనికి పెద్ద సాంకేతికత ఏమీ అక్కర్లేదు. మేడ మీద సున్నంలో జిగురు కలిపి వేయడం మన వీధుల్లో కొందరు ఏటా చేస్తున్నదే. దానికంటే మన్నికైనవి వేడిని తిప్పికొట్టే తెల్లరంగులు, తెల్ల పెంకు ముక్కలు పరిచే పద్ధతి. ఇలా తెల్లబరిస్తే గది లోపల రెండు మూడు డిగ్రీల తేడా కనబడుతుంది. అయితే ఒక మాట ముందే చెప్పుకోవాలి. సున్నం వానలకు కొట్టుకుపోతుంది. రంగు మీద మన సీమ దుమ్ము పేరుకుంటే తెల్లదనంతో పాటు ఫలితమూ తగ్గుతుంది. కాబట్టి ఒక్కసారి డబ్బిచ్చి ఫొటో తీసుకుని వెళ్లిపోయే పథకం దీనికి పనికిరాదు. రెండు మూడేళ్ల తర్వాత మళ్లీ పూత వేయించుకోవడానికి రెండో విడత సొమ్ము మొదటి రోజు నుంచే లెక్కలో ఉండాలి.

ఖర్చు విషయానికి వస్తే, ప్రభుత్వ కాలనీల్లో కట్టిన ఇల్లు 340 చదరపు అడుగులు. మంచి రంగుకు, కూలికి కలిపి చదరపు అడుగుకు 30 రూపాయలు వేసుకున్నా పదివేల పైచిలుకే అవుతుంది. దానికి తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ రకం ఫ్యాన్లు రెండు కలపండి. మామూలు ఫ్యాను 75 వాట్ల దాకా తీసుకుంటే ఇవి 30 వాట్లతో అదే గాలి ఇస్తాయి. రోజుకు పదిహేను గంటలు తిరిగే ఇంట్లో ఒక్కో ఫ్యానుకు నెలకు 20 యూనిట్లు, రెండింటికి 40 యూనిట్లు మిగులుతాయి. 2022లో నిర్ణయించిన కరెంటు చార్జీల శ్లాబుల ప్రకారం నెలకు 126 నుంచి 225 యూనిట్ల వరకు యూనిట్ ధర 6 రూపాయలు, ఆపైన 400 వరకు 8.75 రూపాయలు. మిగిలే యూనిట్లు ఎప్పుడూ ఎక్కువ ధర ఉన్న పై చార్జీ శ్లాబు నుంచే తగ్గుతాయి గనుక, ఈ 40 యూనిట్ల విలువ మధ్యతరగతి ఇంటికి నెలకు 240 రూపాయలకు తక్కువ కాదు. మూడు కిలోవాట్ల సోలార్ పెట్టుకున్న ఒక ఇంటికి ఇచ్చే 78 వేలతో నాలుగు ఇళ్లకు పైకప్పు పూత, ఫ్యాన్లు రెండూ సమకూర్చవచ్చు.

ఏసీ లేని పేద ఇంట్లో పూత వల్ల కరెంటు పెద్దగా మిగలదని కొందరు అంటారు. అది కొంతవరకు నిజమే; అక్కడ ప్రధానంగా దక్కేది పసిపిల్లలకు, ముసలివారికి రాత్రి నిద్ర. అయితే నెలకు 200 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్ పొందుతున్న ఎస్సీ, ఎస్టీ కుటుంబాల బిల్లును కట్టేది ప్రభుత్వమే. ఆ ఇళ్లలో ఫ్యాన్ల వల్ల తగ్గే ప్రతి యూనిట్ ఖజానాకు మిగులే గదా.

సోలార్ రాయితీ ఎవరికి అందుతోందో కూడా చూడాలి. సొంత పైకప్పు ఉండాలి, ఉచితంగా పెట్టించే వర్గాలకు చెందనివారు ముందుగా పెట్టుబడి పెట్టుకోవాలి లేదా బ్యాంకు అప్పు తెచ్చుకోవాలి, రాయితీ ఆ తర్వాతే ఖాతాలో పడుతుంది. కర్నూలు పాతబస్తీలో ఒకే ఇంట్లో నాలుగు పోర్షన్లలో అద్దెకుండే కుటుంబాలకు ఈ దారి మూసుకునే ఉంది. బిల్లు కట్టేది అద్దెదారు, మేడ మీద హక్కు యజమానిది. ఆయన తన డబ్బుతో శ్లాబుకు పూత వేయించడు, అద్దెదారుకు ఆ అధికారం లేదు. గ్రాంటు నేరుగా యజమానికే ఇచ్చి, రెండేళ్ల పాటు అద్దె పెంచనని రాతపూర్వక హామీ తీసుకుంటే ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది. రేకుల ఇళ్లను ఇందులో అందరికంటే ముందు చేర్చాలి.

ఇప్పుడున్న నిబంధనలు ఈ ఇళ్ల దాకా రావడం లేదు. ఇళ్ల నిర్మాణంలో ఇంధన పొదుపు కోసం 2018లో కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే నియమావళిలో పైకప్పు గుండా వేడి ఎంత దిగవచ్చో పరిమితి ఉంది; పై పొర ఏదీ లేని శ్లాబు ఆ పరిమితికి రెండింతలు దాటుతుంది. కానీ ఆ సంహిత 500 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలాల్లో కట్టే వాటికి ఉద్దేశించింది. సెంటున్నర స్థలంలో ఇల్లు కట్టుకున్నవారికి దానితో పని లేదు. పక్క రాష్ట్రం తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానమే ప్రకటించింది. ఎండలు వారికంటే మనకేమీ తక్కువ కాదు.

మన పెద్దల మట్టి మిద్దెలు ఈ సమస్యను తమ పద్ధతిలో పరిష్కరించుకున్నాయి. దూలాలు, దంతెలు, వాటి మీద బండలు, ఆపైన జానెడు మందాన మట్టి. గాలికీ వెలుతురుకూ గవాచి. మిట్టమధ్యాహ్నం కూడా లోపల కూర్చోగలిగేవారు. అయినా ఆ మిద్దెలు తిరిగి రావాలని నేను కోరడం లేదు. ఏటా వానలకు ముందు చౌడు మట్టి మోసి పరచిన ఆడవాళ్లను అడిగితే తెలుస్తుంది ఆ చల్లదనం వెనక ఎంత చాకిరీ ఉందో. పైకప్పు మందమే ఇంటి చలువకు మూలమన్న సంగతి మాత్రం మన గృహనిర్మాణ శాఖ నమూనాల్లో ఎక్కడా కనిపించదు.

విదేశాల అనుభవం కూడా చూడదగ్గదే. అమెరికా 1976 నుంచి పేదల ఇళ్లను ముందు తనిఖీ చేసి, ఇంధన ఖర్చు తగ్గడానికి ఏ ఇంటికి ఏ పని అవసరమో తేల్చి, ఉచితంగా చేయించే పథకాన్ని నడుపుతోంది. బ్రిటన్ 2020లో 6 లక్షల ఇళ్ల లక్ష్యంతో గ్రాంటు ఓచర్లు ప్రకటించి, పని చేసే మనుషులను సిద్ధం చేసుకోకుండా హడావుడి పడి, మరుసటి మార్చిలోనే మూసేసింది. చివరకు 50 వేల ఇళ్లకు కూడా ఆ సాయం చేరలేదు. అందువల్ల మనం మేస్త్రీలకు, పెయింటర్లకు ముందు శిక్షణ ఇచ్చి, ఆ తర్వాతే దరఖాస్తులు పిలవాలి.

కర్నూలు నగరంలో ఒక ప్రభుత్వ కాలనీని, ఆదోని వైపు ఒక గ్రామాన్ని ఎంచుకుని, వచ్చే ఫిబ్రవరి నెలాఖరులోగా అక్కడి పైకప్పులకు పూత పూర్తి చేయించాలని జిల్లా యంత్రాంగాన్ని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఫలితం తెలుసుకోవడానికి కొత్త సర్వే అవసరం లేదు. పూత వేసిన ఇళ్ల వేసవి మీటరు రీడింగులను పక్క వీధిలో వేయని ఇళ్ల రీడింగులతో పోల్చి చూస్తే చాలు. ఆ లెక్కలు విద్యుత్ పంపిణీ సంస్థ దగ్గర నెలనెలా చేరుతున్నవే.

భవదీయుడు,
విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకుడు,
సి క్యాంపు, కర్నూలు